తావ్ దాన్ పార్కులో సగం మూసిన పంజరం

ఆగండి. ఒక్క పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి ఇది వినండి. మొదటి నుంచీ చెప్పేంత టైమ్ లేదు, అందుకే ఆదివారం పొద్దున ఏడున్నర దగ్గర మొదలుపెడతాను.

ఏడున్నరకి భువన తన ఫ్లాట్‌లో దోసె తిరగేస్తోంది. ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. "అమ్మాయ్, ఇవాళ పిట్టకి మేత నువ్వే పెట్టాలి."

స్టవ్ కట్టేసింది. దోసె పెనం మీదే ఉండిపోయింది. 'మేత' అనే మాట గత ఐదేళ్ళలో రెండేసార్లు వచ్చింది. రెండుసార్లూ ఎవరో ఒకరు చనిపోయారు.

లోకం దృష్టిలో భువన వయసు ముప్పై ఒకటి, సొంతూరు వరంగల్, సింగపూర్ చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంక్ బ్యాక్ ఆఫీసులో కంప్లయన్స్ అనలిస్ట్. సిక్ లీవులు ఎక్కువ పెడుతుందని మేనేజర్‌కి కంప్లయింట్. అసలు సంగతి ఏమిటంటే ఆమె భారత గూఢచారి విభాగంలో ఫీల్డ్ ఏజెంట్. ఆ విభాగాన్ని లోపలివాళ్ళు 'డెస్క్' అంటారు. డెస్క్‌లో ఆమె పేరు సెవెంటీన్.

ఎనిమిదీ ఐదుకి టాక్సీ ఆంగ్ మో కియోలో ఒక పాత బ్లాక్ ముందు ఆగింది. నాలుగో అంతస్తులో తలుపు తీసే ఉంది. లోపల గురునాథం కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కుడి కంటి మీద ప్లాస్టిక్ కప్పు అతికించి ఉంది. గురువారం శుక్లాల ఆపరేషన్ అయింది. ఇరుగుపొరుగు తెలుగువాళ్ళందరికీ ఆయన రిటైరైన బ్యాంక్ మేనేజరు, విశాఖపట్నం అంకుల్, పిట్టల పిచ్చోడు. పద్నాలుగేళ్ళుగా డెస్క్ సింగపూర్ స్టేషన్‌ని నడుపుతున్నది మాత్రం ఈయనే. పక్కన స్టూలు మీద వెదురు పంజరం, దాని మీద నీలం గుడ్డ. గుడ్డ కింద ఆయన పిగిలిపిట్ట. తల మీద నల్ల కుచ్చు, చెంప మీద ఎర్ర మచ్చ.

బ్రీఫింగ్ నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

వియత్నాంలో హో చి మిన్ సిటీ, అంటే పాత సైగాన్, నడిబొడ్డున తావ్ దాన్ అనే పార్కు ఉంది. ఆకాశాన్నంటే చెట్లు, కింద వ్యాయామం చేసేవాళ్ళు, ఒక మూల పిట్టల కాఫీ కొట్టు. రోజూ పొద్దున్నే రెండొందల మంది పంజరాలు తెచ్చి తీగలకి తగిలించి, పొట్టి స్టూళ్ళ మీద కూర్చుని ఐస్ కాఫీ తాగుతూ పాటలు వింటారు. వాళ్ళలో ఒక ముసలాయన డెస్క్ మనిషి. పోర్టులో గుమాస్తా. కోబాల్ట్ అనే ముఠా కంటైనర్లలో పేలుడు సామాను దాచి మన రేవులకి పంపిస్తోంది. ఏ కంటైనర్‌లో ఏముందో ఆరేళ్ళుగా చెబుతున్నది ఆయనే. ఆయన పేరు డెస్క్ ఫైళ్ళలో లేదు. ముఖం తెలిసింది గురునాథానికి ఒక్కడికే. ఫోన్ పెట్టుకోనని మొదటిరోజే షరతు పెట్టాడు.

మరి కబురు ఎలా వెళ్తుంది? పిట్టల ద్వారా.

ఇక్కడ ఆంగ్ మో కియోలోనూ పిట్టల మైదానం ఉంది. స్తంభాలకి నంబర్లు, కప్పీలు, తాళ్ళు. ఆదివారం తొమ్మిదింటికి ఇక్కడి ముసలాళ్ళు, అక్కడి ముసలాళ్ళు వీడియో కాల్ పెట్టుకుంటారు. ఈ పిట్ట పాడితే ఆ పిట్ట బదులు పాడుతుంది. వాళ్ళకదో సరదా, ఎప్పట్నుంచో ఉన్నదే. గురునాథం ఆ సరదాలో చేరి, దాన్నే ఛానెల్‌గా మార్చుకున్నాడు. తన పంజరం గుడ్డ పూర్తిగా తీసి ఉంటే క్షేమం. సగం దించి ఉంటే ప్రమాదం. అది చూసి అక్కడి ముసలాయన తన గుడ్డ కూడా సగం దించుతాడు. అందింది అని అర్థం. ఆ వారం ఏ కవరూ ఎక్కడా పెట్టడు. మామూలుగా రోజూ వస్తాడు, పోతాడు, అంతే.

"కోబాల్ట్‌కి ఈ గుడ్డ సంగతి తెలిసిపోయిందమ్మా," అన్నాడు గురునాథం. "ఏడింటికి కబురొచ్చింది. ఇద్దరు మనుషులు ఈపాటికి పార్కులో కూచునుంటారు."

భువన ఆలోచించింది. సగం గుడ్డ చూపిస్తే ముసలాయన సగం గుడ్డతో బదులిస్తాడు. అలా బదులిచ్చిన మనిషే వాళ్ళకి కావాలి. చూపించకపోతే ఆయన కవర్ తీసుకుని, దాన్ని దాచిపెట్టే చోటికి, అంటే బెంచీ కిందున్న డ్రాప్ దగ్గరికి వెళ్తాడు. డ్రాప్ కూడా వాళ్ళకి తెలుసు. అసలు కాల్ చేయకపోతే క్షేమమనే లెక్క, కాబట్టి అప్పుడూ డ్రాప్ దగ్గరికే వెళ్తాడు. ఇక్కడ్నుంచి మనిషిని పంపిస్తే మధ్యాహ్నానికి దిగుతాడు. అక్కడ టైమ్ మనకంటే గంట వెనక, కానీ ఆ గంట ఈరోజు ఎందుకూ పనికిరాదు.

"గుడ్డ సంగతి ఎంతమందికి తెలుసు అంకుల్?"

"ముగ్గురికి. నేను, నువ్వు, అరుంధతి. ఆపరేషన్ ఉందని మూడు వారాల ముందే ఆవిడకీ చెప్పాల్సొచ్చింది గదా."

భువన పంజరం మీది నీలం గుడ్డ వైపు చూసింది.

"నేను కాదని చెప్తే నువ్వు నమ్మీస్తావేటి?" అన్నాడాయన. "నమ్మకు. ఆవిడ్ని కూడా మైదానానికి రమ్మన్నాను. ఇద్దరూ నా పంజరం కిందే ఉండండి. పన్నెండింటికి డెస్క్‌కి రిపోర్ట్ పంపాలి. అందులో ఒక పేరుండాలి."

ఒంటికన్నుతో ఆయన తనని చూస్తుంటే భువనకి విషయం అర్థమైంది. ఆ ముగ్గురిలో తానూ ఉంది. తనకి అనుమానం వచ్చినట్టే ఆయనకీ వచ్చుంటుంది.

*

ఎనిమిదీ ముప్పైకి మైదానం నిండిపోయింది. భువన పంజరాన్ని పదకొండో స్తంభానికి కట్టి, తాడు లాగి పైకెక్కించి, గుడ్డ తీసేసింది. మామయ్యకి కన్ను బాలేదు, అందుకే నేనొచ్చాను. ఇదీ ఆమె కవర్ స్టోరీ. తలకి టోపీ, కాళ్ళకి పాత చెప్పులు, చేతిలో మిడతల డబ్బా.

మైదానానికి పెద్ద టియో అంకుల్. డెబ్భై ఏళ్ళుంటాయి, ఆయన పిట్టకి పాటల పోటీల్లో మూడు కప్పులొచ్చాయి. వీడియో కాల్ టాబ్లెట్ పెట్టే రాతి బల్ల మీద టిష్యూ ప్యాకెట్ వేసి సీటు చోప్ చేసుకున్నాడు, అంటే ఈ సీటు నాదని గుర్తు పెట్టుకున్నాడు. ఆ ప్యాకెట్‌ని పక్కకి జరిపి కూర్చుంది అరుంధతి.

అరుంధతి గురించి చెప్పాలి. సింగపూర్‌లో ఏ ఉగాది ఫంక్షన్‌కైనా యాంకర్ ఆవిడే. బెజవాడ అమ్మాయి, నలభైకి దగ్గరపడుతున్నా ఎవరూ నమ్మరు. ఆ ఉదయం లినెన్ చీర, నల్లకళ్ళద్దాలు, చేతిలో ప్లాస్టిక్ సంచీలో కోపీ, అదే ఇక్కడి కాఫీ. డెస్క్‌లో చేరి తొమ్మిదేళ్ళు. మొదటి పోస్టింగ్ సైగాన్. భువనకి తుపాకీ విప్పి మళ్ళీ బిగించడం నేర్పింది ఆవిడే. జ్వరమొస్తే చారు చేసి తెచ్చిందీ ఆవిడే.

"ఏయ్, దట్ ఈజ్ మై సీట్ లా," అన్నాడు టియో.

"అంకుల్, ఫైవ్ మినిట్స్ ఓన్లీ," అని అరుంధతి నవ్వింది. టియో నవ్వకుండా వెళ్ళి ఇంకో స్టూలు తెచ్చుకున్నాడు.

భువన చేతికున్న వాచీ మామూలు వాచీ కాదు. పది మీటర్లలోపు ఏ ఫోన్ నుంచైనా కోబాల్ట్ వాడే యాప్‌లో మెసేజ్ వెళితే మణికట్టు దగ్గర సన్నగా వణుకుతుంది. ఇప్పటిదాకా వణకలేదు. అరుంధతి కాదేమో. అయితే ఎవరు? ఫ్లాట్‌లో ఒంటికన్నుతో కూర్చున్న మనిషా? ఎవరైతే బావుంటుందో తేల్చుకోలేక ఆమె మిడతల డబ్బా మూత తీస్తూ మూస్తూ ఉంది.

ఎనిమిదీ నలభై ఒకటికి ఒక సంగతి జరిగింది.

బ్లాకుల మీదుగా డేగ ఒకటి వచ్చింది. ఒక్కసారే అరిచింది. అంతే, మైదానంలో పాట మొత్తం తెగిపోయింది. ఎనభై పంజరాల్లో పిట్టలు ఊచలకేసి కొట్టుకున్నాయి. ముసలాళ్ళు కాఫీ కప్పులు వదిలేసి పరిగెత్తారు. తాళ్ళు సర్రున జారాయి. అర నిమిషంలో ఒక్క పంజరం కనపడలేదు, అన్నీ గుడ్డ మూటలే. మోకాళ్ళ నొప్పులున్న టియో అందరికంటే ముందున్నాడు.

డేగ వెళ్ళిపోయాక ఆయన భువన దగ్గరికొచ్చి క్లాస్ పీకాడు. కాకి వస్తే ఫర్వాలేదట. పిల్లి వస్తే తరమొచ్చట. డేగ గొంతు వినపడితే మాత్రం ఆలోచించకూడదు, ముందు గుడ్డ లాగాలి, లేకపోతే పిట్ట గుండాగి చస్తుంది. పిట్టలు పెంచేవాడు ఎక్కడివాడైనా అంతే చేస్తాడు.

"సైగాన్‌లో కూడానా అంకుల్?" అని ఇంగ్లీషులో అడిగింది భువన.

"ఎవ్రీవేర్ సేమ్. బర్డ్ మ్యాన్ ఈజ్ బర్డ్ మ్యాన్."

భువన మెదడులో లైట్ వెలిగింది. పిట్టల నీళ్ళ గిన్నె కడుగుతానని చెప్పి కుళాయి దగ్గరికి వెళ్ళి, ఫోన్‌లో డేగ అరుపులు వెతికింది. నలభై సెకన్లది ఒకటి దొరికింది. డౌన్‌లోడ్ పెట్టింది. సైగాన్‌వాళ్ళు తమ ఫోన్‌ని కరోకే స్పీకర్‌కి కలుపుతారని గురునాథం చెప్పాడు. చక్రాల మీద దొర్లించుకొచ్చే పెద్ద పెట్టె, పార్కు మొత్తం వినిపిస్తుంది. ఈ పిట్టల పాట ఆ పిట్టలకి వినపడాలి కదా మరి.

రెండొందల మంది ఒకేసారి గుడ్డ లాగితే అందులో ఒకడు ఎవడో ఎవరికి తెలుస్తుంది?

ఎనిమిదీ యాభై ఎనిమిదికి ఆమె బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. అరుంధతి ఫోన్ ఒళ్ళో పెట్టుకుని ఏదో టైప్ చేసి పక్కన పెట్టింది.

భువన మణికట్టు వణికింది.

మిడతల డబ్బా చేతిలోంచి జారి కింద పడింది. వంగి తీసుకునేసరికి ముఖం మామూలుగా పెట్టుకోగలిగింది. చారు గుర్తొచ్చింది. పెప్పర్ ఎక్కువైందని ఆరోజు తను వంక పెట్టింది కూడా.

"ఏంటి భువీ, డబ్బా పడేశావ్?"

"పొద్దున్నుంచి ఏం తినలేదక్కా."

*

తొమ్మిది. టాబ్లెట్ తెరమీద తావ్ దాన్ పార్కు వచ్చింది.

అక్కడ ఎనిమిదిగంటల ఎండ చెట్ల సందుల్లోంచి ఏటవాలుగా పడుతోంది. కెమెరా ఎత్తు మీద ఉన్నట్టుంది, మొత్తం కనిపిస్తోంది. తీగల మీద వరసలు వరసలుగా పంజరాలు, కింద పొట్టి స్టూళ్ళు, తెల్ల బనియన్లు, టోపీలు, కాఫీ గ్లాసులు. దూరంగా ఎవరో చేతులు ఊపుతూ వ్యాయామం చేస్తున్నారు. కాల్ కలవగానే అక్కడి ముసలాళ్ళు చేతులూపారు, ఇక్కడి ముసలాళ్ళు చేతులూపారు.

రెండో వరసలో ఇద్దరు కుర్రాళ్ళు హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ పక్కన పంజరం లేదు. గ్లాసుల్లో ఐస్ మొత్తం కరిగిపోయింది, కాఫీ మాత్రం తగ్గలేదు. ఒకడి చెయ్యి జాకెట్ లోపలుంది. ఇంకొకడు ఫోన్ చూస్తున్నాడు. ఆ గుంపు మధ్య కూర్చుంటే వాళ్ళకి నాలుగు వరసలకంటే కనపడవు. మొత్తం కనపడేది ఈ టాబ్లెట్‌లోనే. సగం గుడ్డ ఎవరు లాగారో చూసి చెప్పాల్సింది అరుంధతి.

గురునాథం పిట్ట పాట అందుకుంది. సైగాన్‌లో ఒకటి బదులిచ్చింది. టియో కళ్ళు మూసుకుని తలాడించాడు.

భువన ఎడమచేత్తో తాడు పట్టుకుంది. కుడిచేత్తో ఫోన్‌ని టాబ్లెట్ మైక్‌కి ఆనించి, వాల్యూమ్ ఫుల్ పెట్టి ప్లే నొక్కింది.

డేగ అరిచింది.

మొదట ఇక్కడి పిట్టలు గొల్లుమన్నాయి. ముసలాళ్ళు లేచి పరుగు. ఆ గొడవలో భువన పంజరాన్ని దించి గుడ్డని కరెక్టుగా సగానికి లాగి, కెమెరా ముందు ఒక్క క్షణం ఆపింది. అరసెకను తర్వాత సైగాన్‌లో ఆ పెద్ద పెట్టెలోంచి డేగ అరిచింది. రెండొందల స్టూళ్ళు ఒక్కసారి వెనక్కి పడ్డాయి. బనియన్లు, టోపీలు, చేతులు, రంగురంగుల గుడ్డలు. తెర మొత్తం రెపరెపలాడిపోయింది. హెల్మెట్ల కుర్రాళ్ళు లేచి నిలబడి అటూ ఇటూ చూస్తున్నారు. ఎటు చూసినా గుడ్డ లాగుతున్న ముసలాళ్ళే.

భువన ఊపిరి వదలబోయింది. వదల్లేకపోయింది.

కుడివైపు చివరి వరసలో, పెద్ద చెట్టు మొదట్లో, సన్నటి ముసలాయన ఒకడు తన పంజరం గుడ్డని సగానికే లాగాడు. లాగి ఆపాడు. లెక్కపెట్టినట్టు రెండు సెకన్లు. డేగకి భయపడాల్సిన మనిషి, పిట్ట కొట్టుకు చస్తున్నా సగం దగ్గర చెయ్యి ఆపేశాడు. ఆరేళ్ళ అలవాటు. అందింది అని చెప్పాలి కదా, చెప్పాడు. తర్వాత మిగతా సగం లాగి, పంజరాన్ని దింపి, గుడ్డ మీద అరచెయ్యి ఆనించి లోపలి పిట్టతో ఏదో అన్నాడు.

ఇంత గోలలో పార్కులో ఎవరూ ఆయన్ని చూడలేదు. టాబ్లెట్ ముందున్న ఇద్దరు ఆడవాళ్ళు చూశారు.

అరుంధతి నల్లకళ్ళద్దాలు తీసేసింది. ఒళ్ళో ఫోన్ వెలిగింది. భువన చదవగలిగింది. ఇంగ్లీషులో ఒకే మాట. ఎవరు?

అరుంధతి బొటనవేలు తెర మీద ఆగింది. భువన చెయ్యి జేబులో ఉన్న చిన్న సిరంజి మీదికి వెళ్ళింది. గుచ్చితే మూడు సెకన్లలో మనిషి పడిపోతుంది. ఒక మాట టైప్ చేయడానికి రెండు సెకన్లు చాలు.

బొటనవేలు కదిలింది. వాచీ వణికింది.

తెరమీద ఒక హెల్మెట్ కుర్రాడు ఫోన్ చూసుకున్నాడు. జాకెట్‌లో ఉన్న చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. రెండోవాడి భుజం తట్టాడు. ఇద్దరూ బైకు దగ్గరికి వెళ్ళిపోయారు. సన్నటి ముసలాయన పంజరం పట్టుకుని గేటువైపు నడుస్తున్నాడు, ఆయన ముందూ వెనకా ఇంకో యాభై మంది పంజరాలు పట్టుకుని నడుస్తున్నారు.

అరుంధతి ఫోన్ తిప్పి చూపించింది. అందరూ మూసేశారు, మన మనిషి ఈరోజు రాలేదు. ఇదీ ఆమె పంపిన జవాబు.

*

టియో భువన మీద చెయ్యెత్తినంత పని చేశాడు. ఆయన పిట్ట ముక్కు చిట్లి రక్తం వస్తోంది. డేగని ఫోన్‌లో పెట్టే మనిషిని యాభై ఏళ్ళలో చూడలేదన్నాడు, ఇంక ఈ మైదానంలో కాలు పెట్టొద్దన్నాడు, మీ మామయ్యని కూడా రావద్దని చెప్పమన్నాడు. భువన తలవంచుకుని సారీ చెప్పింది. నిజంగానే చెప్పింది.

పది గంటలకి మైదానం ఖాళీ. బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు, గుడ్డ కింద గురునాథం పిట్ట నోరు విప్పట్లేదు.

అరుంధతి తనే చెప్పింది. మొదటి పోస్టింగ్‌లో సైగాన్‌లో కోబాల్ట్‌కి దొరికిపోయింది. నాలుగు రోజులు ఉంచుకుని వదిలేశారు. వదిలేశాక ఎప్పుడో ఓసారి ఫోన్ వచ్చేది, చిన్నది ఏదో అడిగేవాళ్ళు. ఒక ఫ్లైట్ నంబరు. ఒక హోటల్ పేరు. ఒకదానికి ఇంకొకటి. రెండు వారాల కిందట గుడ్డ సంగతి అడగలేదు కూడా, కొత్తగా ఏముందని అడిగితే తనే చెప్పింది.

"మరి ఇవాళ ఎందుకు ఆపినవక్కా?"

"వాళ్ళు ఎప్పుడూ ఒక నంబరో, ఒక పేరో అడిగేవాళ్ళు భువీ. పేరంటే కాగితం మీద ఇంకు, అంతే అనుకున్నా." అరుంధతి చల్లారిన కోపీని గడ్డిలో పారబోసింది. "మనిషిని చూళ్ళేదు ఎప్పుడూ. చావొచ్చి ఎదురుగా కూర్చుంటే ఆయన పిట్టకి ధైర్యం చెప్తున్నాడు."

"నేను రిపోర్ట్ రాయాలె."

"తెలుసు. రాయి."

"రాస్తే?"

"రాత్రికి నన్ను ఢిల్లీ ఫ్లైట్ ఎక్కిస్తారు. నేను మాయమైతే వాళ్ళకి ఒకటే అర్థం. పొద్దున నేను పంపింది అబద్ధం, మనిషి పార్కులోనే ఉన్నాడు. మళ్ళీ వెళ్తారు. ఈసారి నన్ను అడగరు, రెండొందల మందినీ ఒక్కొక్కణ్ణీ అడుగుతారు."

"రాయకపోతే?"

అరుంధతి కళ్ళద్దాలు పెట్టుకుంది. "రాయకపోతే ఆయన ముఖం నా తలకాయలో ఉంది. వాళ్ళు మళ్ళీ ఎప్పుడు ఫోన్ చేస్తారో నాకు తెలీదు. నేను ఎంత గట్టిదాన్నో నీకు తెలుసు, నాకూ తెలుసు. నాలుగు రోజులంత."

లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మెట్రో స్టేషన్ వైపు నడిచింది. వెనక్కి చూడలేదు. భువన సిరంజి మీద చెయ్యి తీయలేదు, లేవనూ లేదు.

ఇప్పుడు పదకొండూ నలభై. ఆంగ్ మో కియో హాకర్ సెంటర్‌లో, తిండి కొట్ల వరసల మధ్య ఒక మూల టేబుల్ దగ్గర భువన కూర్చుంది, ముందు ముట్టని నూడుల్స్. గురునాథం రెండుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి ఎత్తింది. తావ్ దాన్‌లో ఎవరికీ ఏమీ కాలేదని కబురొచ్చిందట. శభాష్ అన్నాడు. ఆ వెంటనే, "పేరు చెప్పమ్మా," అన్నాడు.

డెస్క్ లెక్కలో మిషన్ సక్సెస్. సక్సెస్ అని రాశాక కింద గుట్టు బయటపెట్టిన మనిషి పేరుకి ఒక ఖాళీ గడి ఉంటుంది, దాన్ని నింపకపోతే ఫారం సబ్మిట్ అవదు, అంత తెలివిగా తయారుచేశారు. ఆ ముసలాయన రేపు పొద్దున మళ్ళీ పార్కుకి వస్తాడు. రూల్ అదే. రావడం మానేస్తే అదే ఒక గుర్తవుతుంది.

ఫోన్‌లో గురునాథం ఇంకా లైన్లోనే ఉన్నాడు, ఆయన ఊపిరి వినపడుతోంది. భువన నోరు తెరిచింది.

ఆ కుర్చీలో మీరుంటే ఏ పేరు చెప్పేవారు?